రోహిణిలో కొట్టుకునే తెల్ల చుక్క: థీటా-2 టౌరీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెరంబూర్‌లో మా అపార్ట్‌మెంట్ మేడ మీద సంక్రాంతి మొదలు శివరాత్రి దాకా, మబ్బు లేని సాయంత్రాల్లో చాపలు పరుచుకుని ఆకాశం చూస్తుంటాం. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన నాలుగైదు కుటుంబాలు, వాళ్ళ పిల్లలు, పండక్కి వచ్చిన చుట్టాలు. వచ్చినవాళ్ళందరికీ నేను తప్పకుండా చూపించే చుక్క ఒకటుంది. శని ఉంగరాల్లా చూడగానే అబ్బురపరిచేది కాదు. చెప్పుకుంటూ చూస్తే మాత్రం వదలబుద్ధి కాదు. ఏటా అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడుగుతుంటారు కాబట్టి జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు ఏమిటీ చుక్క?

వృషభ రాశిలో హయడీస్ అనే నక్షత్రాల గుంపు ఉంది. మనకు అతి దగ్గరలో ఉన్న తారాగుచ్ఛం అదే, దూరం సుమారు 150 కాంతి సంవత్సరాలు. ఆ గుంపులో అన్నిటికంటే వెలుగైనది థీటా-2 టౌరీ. తెల్లగా ఉంటుంది, ఉపరితలం వేడి 8,000 కెల్విన్ల దరిదాపుల్లో. మన సూర్యుడిది 5,800 కూడా ఉండదు. వెడల్పులో సూర్యుడికి దాదాపు నాలుగు రెట్లు.

ఇది ఒక్క తీరున నిలకడగా వెలగదు. గంటా యాభై నిమిషాలకు ఒకసారి చొప్పున గుండెలా కొట్టుకుంటూ, అంటే ఉబ్బుతూ తగ్గుతూ, దాంతోపాటే వెలుగు కూడా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఇలాంటి నక్షత్రాలను డెల్టా స్కూటీ రకం అంటారు.

హయడీస్ అంటే మన రోహిణేనా?

అవును, మనవాళ్ళు రోహిణీ శకటం అన్నది దీన్నే. బండి ఆకారంలో ఉన్న చుక్కల కూటమి. వరాహమిహిరుడి బృహత్సంహితలో రోహిణీ శకట భేదం గురించి ఉంది. ఏ గ్రహమైనా ఈ బండిలోంచి దూసుకుపోతే లోకానికి కీడు అనుకునేవారు. సూర్యసిద్ధాంతం అయితే గ్రహం ఎన్నో డిగ్రీ దగ్గర, ఎంత దక్షిణంగా ఉంటే బండిని చీల్చినట్టో లెక్క కూడా ఇచ్చింది. కీడు సంగతి అటుంచితే, ఆ కొలతలు చేసినవాళ్ళు ఈ చుక్కలను ఎంత శ్రద్ధగా చూసి ఉంటారో తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఒక్క చిక్కుంది. రోహిణి అనగానే మనం చూపించే ఆ నారింజ రంగు పెద్ద చుక్క, అంటే ఆల్డెబరాన్, ఈ గుంపులోది కాదు. అది సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది, సగం దారి కూడా కాదు. మన మేడ మీద నుంచి చూస్తే ఎదురింటి బాల్కనీ లైటు, దాని వెనక ఎక్కడో దూరాన ఉన్న కాలనీ లైట్లు ఒకచోటే ఉన్నట్టు కనిపిస్తాయి చూడండి, అలాంటిదే ఇది.

చెన్నైలో ఎప్పుడు, ఎక్కడ వెతకాలి?

నవంబరు, డిసెంబరు నెలల్లో రోహిణి రాత్రంతా ఆకాశంలోనే ఉంటుంది. కానీ మనకు అది ఈశాన్య రుతుపవనాల కాలం, నెలంతా కాచుకున్నా రెండు మంచి రాత్రులు దొరకడం కష్టం. అందుకని జనవరి మీద ఆశ పెట్టుకోండి. భోగి రోజు మాత్రం వద్దు. ఆ మంటల పొగ ఊరి మీద ఎంతసేపు కూర్చుంటుందో చెన్నైలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. కనుమ రాత్రికి గాలి తిరిగితే బాగుంటుంది.

జనవరి మధ్యలో రాత్రి 9 గంటలకు రోహిణి సరిగ్గా మన నడినెత్తికి వస్తుంది. ఇది చెన్నైవాళ్ళ అదృష్టం. మన ఊరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఈ చుక్క ఆకాశంలో దాదాపు 16 డిగ్రీల ఉత్తరాన ఉంది. అంటే నెత్తికి మూడు డిగ్రీల దూరంలోనే దాటిపోతుంది. ఊరి లైట్ల మసక అంతా అంచుల్లో ఎక్కువగా ఉంటుంది, నడినెత్తిన కాస్త తక్కువ. లండన్‌లో ఉన్నవాడికి ఈ సుఖం లేదు. ఫిబ్రవరి మధ్యకు వచ్చేసరికి ఇదే చోటికి రాత్రి 7 గంటలకే వస్తుంది.

వెల్లకిలా పడుకుని చూడండి. నిలబడి చూస్తే అయిదు నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. ముందు మృగశిర పక్కన ఉన్న మూడు వరస చుక్కలు పట్టుకోండి, అవి అందరికీ తెలిసినవే. ఆ వరసను పడమటి దిక్కుగా, కొంచెం ఉత్తరానికి పొడిగిస్తే నారింజ రంగు ఆల్డెబరాన్ వస్తుంది. ఇంకా ముందుకు పోతే పిల్లలకోడి, అదే కృత్తికలు. ఆల్డెబరాన్ దగ్గర ఇంగ్లిష్ వి అక్షరంలా చుక్కలు పరుచుకుని ఉంటాయి. వి కొన నుంచి ఆల్డెబరాన్ దాకా ఉన్న చేతిని చూడండి. ఆ చేతి మీద, దాదాపు మధ్యలో, జంటగా రెండు చుక్కలు. అవే థీటా జంట.

నాకు ఒకటే కనిపిస్తోంది. రెండోది ఏది?

పెళ్ళిలో అరుంధతిని చూపించారు కదా. వశిష్ఠుడికీ అరుంధతికీ మధ్య ఎంత ఎడం ఉందో, అందులో సగం కూడా ఉండదు ఈ రెండిటి మధ్య. పున్నమి చంద్రుడి వెడల్పులో అయిదో వంతు కంటే తక్కువ. చెన్నై నడిబొడ్డులో మామూలు కంటికి ఈ చుక్క కనిపించడమే అంతంత మాత్రం, దాని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) 3.4. రెండోది ఇంకా మసక, 3.8. అందుకని విడిగా కనిపించలేదని బెంగ పడొద్దు. ఏ చిన్న బైనాక్యులర్ పెట్టినా రెండూ విడివిడిగా తేలిపోతాయి.

దక్షిణం వైపున, కొంచెం ఎక్కువ వెలుగుతో, తెల్లగా ఉన్నది మన థీటా-2. ఉత్తరాన పసుపు కలిసిన నారింజ రంగులో ఉన్నది థీటా-1. పోయిన సంక్రాంతికి ఏడేళ్ళ పాప ఒకామె బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఒకటి ఉప్పు, ఒకటి బెల్లం" అంది. ఆ మాట విన్నాక రంగుల గురించి నేను వేరే ఏమీ చెప్పడం మానేశాను.

ఈ రెండు రంగుల వెనక ఉన్న సంగతి కూడా చెప్పాలి. హయడీస్ చుక్కలన్నీ ఒకే మేఘంలోంచి, ఒకే కాలంలో పుట్టిన తోబుట్టువులు. వయసు 60 నుంచి 65 కోట్ల సంవత్సరాలు. పుట్టినప్పుడు కాస్త ఎక్కువ బరువున్నది తన ఇంధనాన్ని త్వరగా ఖర్చు చేసుకుంటుంది. థీటా-1 బరువులో కొద్దిగా ముందుంది, అందుకే అప్పుడే ఉబ్బి చల్లబడి నారింజ రంగుకు తిరిగింది. థీటా-2 అదే దారిలో కొంచెం వెనక ఉంది. ఇంకా ఎక్కువ బరువున్న అన్నలు ఎప్పుడో కాలిపోయి, ఇప్పుడు శ్వేత కుబ్జాలుగా అదే గుంపులో ఉన్నారు. ఒక తరం వాళ్ళ జీవితమంతా ఒకే చోట, ఒకే చూపులో దొరకడం హయడీస్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం.

కొట్టుకోవడం కంటికి కనిపిస్తుందా?

కనిపించదు. దీని మీదే చాలామంది నిరాశపడతారు, అందుకే ముందుగానే చెప్పేస్తాను.

బాగా అలవాటున్న కన్ను కూడా వెలుగులో నూటికి పది వంతుల తేడా ఉంటేనే పసిగడుతుంది. థీటా-2లో అన్నిటికంటే బలమైన స్పందన, అంటే కొట్టుకోవడం, మాగ్నిట్యూడ్‌లో వెయ్యికి ఆరు వంతుల లెక్కలో ఉంటుంది. కార్తీకంలో గుడిలో వెయ్యి దీపాలు పెట్టారనుకోండి, అందులో అయిదారు కొండెక్కితే దూరం నుంచి చూసేవాళ్ళకు తేడా తెలుస్తుందా? ఇదీ అంతే.

అయితే ఇంకో వైపు నుంచి లెక్క వేసి చూడండి. ఈ చుక్క నిజంగా ఇచ్చే వెలుగు దాదాపు 80 సూర్యుళ్ళంత. అందులో వెయ్యికి ఆరు వంతులంటే సగం సూర్యుడు. మన కంటికి ఆనని ఆ చిన్న వణుకులో, రెండు గంటల లోపే, సగం సూర్యుడంత వెలుగు వచ్చి పోతోంది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్న రాత్రి నేను మళ్ళీ మేడ ఎక్కి చూసొచ్చాను.

అసలు ఎందుకు కొట్టుకుంటుంది?

అన్నం గిన్నెలో ఎసరు మరిగేటప్పుడు మూతను గమనించండి. ఆవిరి లోపల చేరి మూతను ఎత్తుతుంది, పక్కనుంచి కాస్త ఆవిరి పోగానే మూత పడిపోతుంది, మళ్ళీ ఆవిరి చేరుతుంది. పొయ్యి మంట ఒకే తీరున ఉన్నా మూత మాత్రం టకటకలాడుతూనే ఉంటుంది.

ఈ నక్షత్రంలో మూత పని చేసేది హీలియం. ఉపరితలానికి కొంత లోపల, వేడి 50,000 డిగ్రీల దగ్గర ఉండే పొరలో, హీలియం తన రెండో ఎలక్ట్రాన్‌ను కూడా పోగొట్టుకుంటూ ఉంటుంది. ఆ పొర నొక్కుకుపోయినప్పుడు మరింత హీలియం అలా విడిపోయి, పొర వెలుగును అడ్డుకుంటుంది. లోపలి నుంచి వస్తున్న వేడి అక్కడ నిలిచిపోయి ఒత్తిడి పెరిగి పొర పైకి లేస్తుంది. లేచి పలచబడ్డాక వెలుగుకు దారి ఇస్తుంది, వేడి పోతుంది, పొర మళ్ళీ కిందికి దిగుతుంది. ఇలా ఆగకుండా.

ప్రతి నక్షత్రంలోనూ హీలియం ఉంది కదా, సూర్యుడు ఇలా ఎందుకు చేయడని ఒక కాలేజీ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఆ పొర ఎంత లోతులో ఉందన్నదే కీలకం. మరీ వేడి నక్షత్రంలో అది పైకి వచ్చేస్తుంది, కదపడానికి సరిపడా బరువు దాని దగ్గర ఉండదు. సూర్యుడిలాంటి చల్లటి నక్షత్రంలో చాలా లోతుకు పోతుంది, పైగా అక్కడ వేడి మరుగుతున్న నీళ్ళలా కలబడుతూ వస్తుంది, మూత బిగుసుకోదు. మధ్యలో ఒక సన్నటి పట్టీలో ఉన్నవాటికే ఈ యోగం. ఇలాగే కొట్టుకునే వేరే రకాలు, సెఫీడ్లు, ఆర్ఆర్ లైరా నక్షత్రాలు కూడా ఆ పట్టీలోవే.

ఒకే లయలో కొట్టుకుంటుందా?

కాదు. ఇక్కడే ఇది మిగతావాటికంటే గొప్పది అనిపిస్తుంది నాకు.

డిసెంబరులో చెన్నై సభల్లో కచేరీకి ముందు తంబూరా శ్రుతి చేసేటప్పుడు దగ్గరగా కూర్చున్నారా ఎప్పుడైనా? రెండు తీగలు దాదాపు ఒకే శ్రుతిలో ఉండి, వెంట్రుకవాసి తేడా ఉంటే, నాదం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. తేడా తగ్గేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది. థీటా-2లోనూ అలాగే. రోజుకు 13.23 సార్లు కొట్టుకునే స్పందన ఒకటి, దాని పక్కనే 13.69 సార్లు కొట్టుకునేది ఇంకొకటి, ఇంకా కొన్ని. ఈ రెండూ కలిసినప్పుడు సుమారు రెండు రోజులకోసారి ఊపు బలపడుతుంది, మధ్యలో బలహీనమవుతుంది. ఒక రాత్రి చూస్తే బాగా కొట్టుకుంటున్నట్టు, మర్నాడు చూస్తే దాదాపు నిద్రపోయినట్టు.

వీటన్నిటినీ విడదీయడం తేలిక కాదు. ఒక ఊరి నుంచి చూస్తే తెల్లవారగానే లెక్క తెగిపోతుంది. మళ్ళీ రాత్రి అయ్యేలోగా పగటిపూట అది ఎన్నిసార్లు కొట్టుకుందో, ఒకటి అటో ఇటో, తేల్చుకోలేం. అందుకని వియన్నా విశ్వవిద్యాలయం నుంచి మిషెల్ బ్రెగర్, ఆయన తోటివాళ్ళు వేర్వేరు ఖండాల్లోని టెలిస్కోపులను కలిపారు. ఒకచోట తెల్లవారితే ఇంకోచోట అందుకునేలా వంతులు వేసుకుని ఈ చుక్కను కాపలా కాశారు.

తర్వాత వైర్ అనే ఉపగ్రహం వచ్చింది. దాని కథ చెబుతుంటే పిల్లలు బొమ్మలా కూర్చుని వింటారు. 1999 మార్చిలో నాసా దాన్ని పరారుణ కాంతిలో ఆకాశం చూడటానికి పంపింది. పైకి వెళ్ళిన కొద్దిసేపటికే పరికరాన్ని చల్లగా ఉంచాల్సిన హైడ్రోజన్ అంతా ఆవిరైపోయింది, అసలు పని చేసే వీలు లేకుండా పోయింది. కానీ దిక్కు తప్పకుండా నక్షత్రాలను గుర్తుపట్టడానికి పెట్టిన చిన్న కెమెరా బాగానే ఉంది. దాని కటకం 52 మిల్లీమీటర్లు, మేడ మీద మనం పట్టుకునే 7×50 బైనాక్యులర్ కంటే రవ్వంత పెద్దది. ఆ కెమెరాతోనే థీటా-2ను రోజుల తరబడి చూసి డజను స్పందనలను వేరు చేశారు. శ్రవణా నక్షత్రమైన ఆల్టెయిర్ కూడా ఇలాగే కొట్టుకుంటోందని తెలిసింది దాని వల్లనే.

ఇది శ్వేత కుబ్జమా? పల్సారా?

రెండూ కాదు. తెల్లని రంగు వల్ల మొదటి అనుమానం, కొట్టుకుంటుంది అన్న మాట వల్ల రెండోది వస్తాయి. శ్వేత కుబ్జం అంటే కాలిపోగా మిగిలిన, భూమంత సైజున్న గుండు. పల్సార్ అంటే గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. థీటా-2 ఇంకా బతికి ఉన్న పెద్ద నక్షత్రం.

థీటా-2 ఒక్కటేనా, దానికీ జంట ఉందా?

ఉంది. పక్కన కనిపించే థీటా-1 గురించి కాదు చెబుతున్నది. థీటా-2 అనే ఒక్క చుక్కలోనే రెండు తెల్ల నక్షత్రాలున్నాయి, రెండూ సూర్యుడికి రెట్టింపు బరువు అటూ ఇటుగా. 140.7 రోజులకోసారి ఒకదాన్ని ఒకటి చుట్టి వస్తాయి. కక్ష్య బాగా సాగదీసిన కోడిగుడ్డులా ఉంటుంది, ఒకసారి చాలా దగ్గరకు వచ్చి మళ్ళీ దూరం పోతాయి. ఏ మామూలు టెలిస్కోపుతోనూ వీటిని విడిగా చూడలేం. విడివిడి అద్దాల వెలుగును కలిపి చూసే ఇంటర్‌ఫెరోమీటర్లతో 1990లలో విడదీశారు.

ఏది కొట్టుకుంటోందో ఎలా తెలిసిందన్నది ముచ్చటైన సంగతి. నక్షత్రం తన కక్ష్యలో మనకు దూరంగా ఉన్నప్పుడు దాని వెలుగు కొన్ని నిమిషాలు ఆలస్యంగా చేరుతుంది, దగ్గరకు వచ్చినప్పుడు ముందుగా చేరుతుంది. స్పందన లయ కూడా అదే ప్రకారం ముందుకూ వెనక్కూ జరుగుతుంటే, ఆ లయ ఏ నక్షత్రానిదో పట్టుబడినట్టే. అలా చూస్తే ప్రధాన స్పందనలన్నీ పెద్ద నక్షత్రానివే. రోజుకు 26 సార్ల చొప్పున గబగబా కొట్టుకునేది మాత్రం రెండోదానిది అని తేల్చారు. అంటే జంటలో ఇద్దరి గుండెలూ వేరువేరుగా వినిపిస్తున్నాయి.

150 కాంతి సంవత్సరాలని ఎలా కొలిచారు?

పెరంబూర్ స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి మీద నిలబడి పట్టాలు చూడండి. పక్కపక్కనే ఉన్న పట్టాలన్నీ దూరాన ఒకే బిందువులో కలుస్తున్నట్టు ఉంటాయి. హయడీస్ చుక్కలన్నీ కలిసి ఒకే దిక్కుకు, మన నుంచి దూరంగా పోతున్నాయి. కొన్నేళ్ళు కొలిస్తే వాటి దారులు కూడా ఆర్ద్రకు తూర్పున ఒకచోట కలుస్తున్నట్టు కనిపిస్తాయి. 1908లో లూయిస్ బాస్ ఇది చూపించి, దాని నుంచి దూరం లెక్కకట్టాడు. 1990లలో హిప్పార్కస్ ఉపగ్రహం నేరుగా కొలిచి ఖాయం చేసింది. విశ్వంలో దూరాలు కొలిచే నిచ్చెనకు చాలాకాలం మొదటి మెట్టు ఈ గుంపే.

దీనికీ చెన్నైకీ ఏమైనా సంబంధం ఉందా?

ఈ చుక్కను ఇక్కడ కనిపెట్టలేదు. కానీ వెలుగు మారే నక్షత్రాలకూ ఈ ఊరికీ చాలా సంబంధం ఉంది, అది మన పిల్లలకు తెలియాలి.

పైన 3.4, 3.8 అని రాశాను చూడండి, ఆ మాగ్నిట్యూడ్ కొలతకు కచ్చితమైన లెక్క ఇచ్చింది నార్మన్ పాగ్సన్. అయిదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా వంద రెట్ల వెలుగు అని 1856లో ప్రతిపాదించాడు. 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1891లో చనిపోయేదాకా ఇక్కడే పని చేశాడు. ఆయన దగ్గర పని చేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం వెలుగు మారుతోందని కనిపెట్టారు. పంచాంగాలు గణించే కుటుంబం వారిది. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయ్యారు.

ఆ అబ్జర్వేటరీ నుంగంబాక్కంలో ఉండేది, ఇప్పుడు వాతావరణ కేంద్రం ఉన్న ఆవరణ. పరికరాన్ని నిలిపిన 1792 నాటి రాతి స్తంభం ఇంకా అక్కడ ఉంది. దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలోనూ మన తెలుగులోనూ చెక్కిన అక్షరాలున్నాయి. ఆకాశం చూసే చోట తెలుగు అక్షరం రెండు వందల ఏళ్ళకు పైగా నిలబడి ఉంది.

ఇంకొక మాట. 150 కాంతి సంవత్సరాలంటే, ఈ రాత్రి మీ కంట్లో పడే థీటా-2 వెలుగు బయల్దేరింది 1870లలో. రఘునాథాచారి ఇంకా నుంగంబాక్కంలో టెలిస్కోపు దగ్గర కూర్చుంటున్న రోజులవి. ఆయన 1880లో పోయారు.

రోహిణి కార్తెకూ ఈ చుక్కలకూ సంబంధం ఉందా?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే 25 దరిదాపుల నుంచి రెండు వారాలు సూర్యుడు రోహిణిలో ఉంటాడు. ఎండలకు కారణం ఈ చుక్కలు కావు, ఆ రోజుల్లో మన మీద పడే సూర్యుడి తీరు. ఆ కార్తెలో ఈ చుక్కలు పట్టపగలు సూర్యుడి వెనక ఉంటాయి కాబట్టి అసలు కనిపించవు.

ఒక్క సందర్భంలో తప్ప. 1919 మే 29న, అంటే సరిగ్గా రోహిణి కార్తెలో, సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. పట్టపగలు చీకటి పడి, సూర్యుడి చుట్టూ హయడీస్ చుక్కలు బయటపడ్డాయి. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రాల వెలుగు వంగుతుందని ఐన్‌స్టైన్ చెప్పిన మాట నిజమో కాదో తేల్చడానికి ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ ఆఫ్రికా తీరాన ప్రిన్సిపె దీవికి, ఇంకో బృందం బ్రెజిల్‌లోని సోబ్రల్‌కు వెళ్ళాయి. సూర్యుడి వెనక అన్ని వెలుగైన చుక్కలు గుంపుగా ఉండే చోటు దొరకడం అరుదు, అందుకే ఆ గ్రహణాన్ని వదలకూడదనుకున్నారు. నవంబరు 6న ఫలితం ప్రకటించారు: వెలుగు వంగింది. అదే ఎడింగ్టన్, నక్షత్రాలు వేడిని ఆపి వదిలే కవాటం వల్ల కొట్టుకుంటాయన్న ఆలోచనకు కూడా పునాది వేశాడు. రోళ్ళు పగిలే కార్తె అని మనం తిట్టుకునే ఆ రోజుల్లోనే ఐన్‌స్టైన్ మాటకు సాక్ష్యం చెప్పింది మన రోహిణి.

నా జన్మ నక్షత్రం రోహిణి. ఇది నా చుక్కేనా?

మీరు పుట్టినప్పుడు చంద్రుడు రోహిణి అని పిలిచే 13 డిగ్రీల 20 నిమిషాల భాగంలో ఉన్నాడని అర్థం. థీటా-2 కూడా ఆ భాగంలోనే పడుతుంది. కాబట్టి మీదే అనుకుని చూడండి. జాతకంలో ఫలితాలు నన్ను అడగొద్దు, నాకు తెలిసింది చుక్కలను చూపించడం వరకే.

నా కెమెరాతో ఈ స్పందనను కొలవొచ్చా?

ప్రయత్నించవచ్చు, కానీ ఇది మొదటి మెట్టు కాదు. పక్కనే థీటా-1 ఉండటం పెద్ద ఇబ్బంది. వెలుగు కొలవాలంటే చుక్కను కొంచెం మసకగా, వెడల్పుగా పట్టాలి, అలా చేస్తే రెండూ కలిసిపోతాయి.

నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకుండా ఉండటానికి. ఒక ఫిబ్రవరిలో ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి నాలుగు గంటలు వరసగా ఫోటోలు తీశాను. లెక్క కట్టి గీత గీస్తే, రెండు గంటల చొప్పున చక్కగా పైకీ కిందికీ పోతున్న అల వచ్చింది. ఆనందంతో నిద్ర పట్టలేదు, తెల్లారకముందే నలుగురికి ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు పక్కనున్న, ఎప్పుడూ వెలుగు మారని చుక్కను కూడా అదే లెక్కలో కొలిచి చూస్తే, దానిలోనూ అదే అల. సముద్రం మీంచి వచ్చిన తేమ లెన్సు అంచున మంచులా పట్టింది. నేను మధ్యలో రెండుసార్లు తుడిచాను. అల అనుకున్నది నా చేతి గుడ్డ వల్ల వచ్చింది.

అందుకని మీరు కొలిచేటప్పుడు వెలుగు మారని చుక్కలు కనీసం రెండు పెట్టుకోండి, ఒకటి పోల్చడానికి, ఇంకొకటి మొదటిదాన్ని పరీక్షించడానికి. లెన్సు చుట్టూ కొంచెం వెచ్చదనం ఉండేలా చూసుకోండి. చేత్తో తుడవొద్దు.

కళ్ళముందే మారే నక్షత్రం ఏదైనా చూడాలని ఉంది.

అయితే డెల్టా స్కూటీ రకంలోనే ఏఐ వీలోరం చూడండి. 2 గంటల 41 నిమిషాల స్పందన, దాని మీద 2 గంటల 4 నిమిషాల స్పందన ఇంకొకటి. వెలుగు సుమారు 6.2 నుంచి 6.8 దాకా మారుతుంది, బైనాక్యులర్‌తో తేడా తెలుస్తుంది. మార్చి మధ్యలో రాత్రి 9 గంటలకు దక్షిణాన 32 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. యూరప్‌లో చాలా ఊళ్ళ నుంచి అసలు కనిపించదు, మనకు దొరుకుతుంది. కోవళం దాటి తూర్పు తీర రోడ్డు మీద కాస్త చీకటి చోటు చూసుకుని, పది నిమిషాలకోసారి పక్క చుక్కలతో పోల్చి పుస్తకంలో రాసుకోండి. గంటన్నర గడిచాక మొదటి వరసకూ చివరి వరసకూ ఉన్న తేడా మీ చేతిరాతలోనే కనిపిస్తుంది.

బైనాక్యులర్ లేకపోతే పర్షియస్‌లోని ఆల్గోల్ చాలు. అది కొట్టుకోవడం వల్ల కాదు, దాని జంట అడ్డు రావడం వల్ల 2.87 రోజులకోసారి వెలుగు బాగా పడిపోతుంది.

రోహిణి ఎప్పటిదాకా కనిపిస్తుంది?

ఏప్రిల్ చివరికి సాయంత్రం పడమట కిందికి దిగిపోతుంది. రోహిణి కార్తె అయ్యాక, జూన్ నెలాఖరుకు తెల్లవారుజామున తూర్పున మళ్ళీ వస్తుంది. వాన మబ్బు లేకపోతే పాలు తెచ్చుకునే వేళకు మేడ ఎక్కితే చాలు, ఉప్పు, బెల్లం రెండూ పక్కపక్కనే ఉంటాయి.